చెల్లికి ఇమేజింగా, రేడియోథెరపీయా? ఆ పని చేస్తున్నవాళ్లు చెప్పండి

మలక్‌పేట అన్న:
చెల్లి బైపీసీ అయిపోయింది, ఎంబీబీఎస్ సీటు రాలేదు. ఎక్స్‌రేలు, స్కాన్లు తీయడం నేర్పే బీఎస్సీ ఇమేజింగ్‌లో చేరతానంటోంది. మా పెద్దమ్మ కోసం రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే కేన్సర్ ఆస్పత్రికి వెళ్లొచ్చినప్పటి నుంచి రేడియోథెరపీ, అంటే రేడియేషన్‌తో కేన్సర్ చికిత్స, అని కూడా అంటోంది. అమ్మకేమో రేడియేషన్ దగ్గర పని, రేపు పిల్లలు పుట్టకపోతే ఎలా అని ఒకటే టెన్షన్.

నైట్ డ్యూటీ సీటీ:
ముందు అమ్మగారి భయం. డ్యూటీలో ఛాతీ దగ్గర రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుంటాం, మూడు నెలలకోసారి పంపితే ఎంత డోసు పడిందో లెక్క వస్తుంది. దేశంలో రేడియేషన్ భద్రత చూసే ఏఈఆర్‌బీ పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (డోసు కొలిచే యూనిట్), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. ఎనిమిదేళ్లుగా చేస్తున్నాను, నా రిపోర్టులు ఆ దరిదాపులకు కూడా పోలేదు, ఇద్దరు పిల్లలు. ఎంఆర్‌ఐలో అసలు ఎక్స్‌రేలే ఉండవు, అక్కడ భయమంతా అయస్కాంతంతోనే, స్కాన్ లేనప్పుడూ దాని బలం తగ్గదు.
నేను చదివిన కాలేజీలో సొంత సీటీ లేదు, అన్నీ బోర్డు మీద బొమ్మలే. ఉద్యోగంలో మొదటి రోజు చేతులాడలేదు. ఫీజు కట్టేముందు పోస్టింగ్ ఏ ఆస్పత్రిలో, రోజుకెన్ని గంటలు అని అక్కడ చదువుతున్న పిల్లల్నే అడగండి.

లైనాక్ అక్క:
రెండూ ఒకటే అనుకోవద్దు తమ్ముడూ. స్కాన్ అయితే పేషెంట్ కాసేపట్లో వెళ్లిపోతాడు, మా రేడియోథెరపీలో తల, మెడ కేన్సర్లకు వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు అదే మనిషి వస్తాడు. ముందు తల కదలకుండా పట్టి ఉంచే మాస్కు చేస్తాం. ప్లాస్టిక్ షీటు వేడినీళ్లలో మెత్తబడ్డాక ముఖం మీద పరిచి ముక్కు, గడ్డం దగ్గర వేళ్లతో అదిమితే కాసేపటికి బిగుసుకుంటుంది. గుట్కాతో నోటి కేన్సర్ వచ్చిన ఒక పెద్దాయన అది బిగించగానే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "తాతా, బయట కెమెరాలో చూస్తూనే ఉంటా, చెయ్యెత్తితే ఆపేస్తా" అన్నాక వదిలాడు. నాలుగో వారానికి తిండి తగ్గి, బరువు తగ్గి, మాస్కు వదులైంది. అది మొదట కంటపడేది రోజూ బిగించే మనకే. డాక్టరుగారికి చెప్తే మళ్లీ సీటీ తీసి ప్లాన్ మార్చారు.

మలక్‌పేట అన్న:
చెల్లి ఇది రెండుసార్లు చదివించుకుంది అక్కా. ముందు ఇమేజింగ్ చదివి తర్వాత మీ వైపు రావచ్చా అంటోంది.

లైనాక్ అక్క:
మా దాంట్లోకి తీసుకోవాలంటే రేడియోథెరపీకి ఏఈఆర్‌బీ చెప్పిన అర్హత ఉండాలి, మళ్లీ వేరే కోర్సు చదవాల్సి వస్తుంది. అడ్మిషన్‌కి ముందే తేల్చుకోమనండి.