ఐఐఎస్‌లో ఈవెంట్ లాగ్ ఎర్రర్: "సోర్స్ దొరకలేదు, సెక్యూరిటీ లాగ్ అందుబాటులో లేదు". యాప్ పూల్‌కి అడ్మిన్ హక్కులు ఇవ్వాల్సిందేనా?

తెరచాప (ప్రశ్న)

అందరికీ నమస్కారం. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 వెబ్ అప్లికేషన్ ఒకదాన్ని విండోస్ సర్వర్ 2012 ఆర్2 నుంచి కొత్త 2019 సర్వర్‌కి మార్చాం. కోడ్ అదే, వెబ్ కాన్ఫిగ్ అదే. పాత సర్వర్‌లో ఏ ఇబ్బందీ లేదు. కొత్తదాంట్లో మాత్రం అప్లికేషన్ ఏదైనా తప్పును ఈవెంట్ లాగ్‌లో రాయబోతే చాలు, సెక్యూరిటీ ఎక్సెప్షన్ వస్తోంది. సారాంశం ఇదీ: "సోర్స్ దొరకలేదు, అయితే కొన్ని లాగ్‌లను వెతకడం కుదరలేదు. అందుబాటులో లేనివి: సెక్యూరిటీ, స్టేట్." అసలు తప్పేంటో దీని వెనక దాక్కుంటోంది.

యాప్ పూల్ (ఐఐఎస్ వెబ్ సర్వర్‌లో సైట్‌ని నడిపే ప్రాసెస్) ఐడెంటిటీ, అంటే అది నడిచే అకౌంట్, మార్చలేదు, అప్లికేషన్‌పూల్ ఐడెంటిటీయే. కోడ్‌లో ఈవెంట్‌లాగ్ క్లాస్‌కి సోర్స్ (లాగ్‌లో రాసే ప్రోగ్రామ్‌ని గుర్తించే) పేరు "బిల్లింగ్‌వెబ్" ఇచ్చి రైట్‌ఎంట్రీ పిలుస్తున్నాం. వెళ్లాల్సింది అప్లికేషన్ లాగ్‌కి. డెవలపర్ల మెషీన్లలో బాగానే పనిచేస్తోంది.

మేం సెక్యూరిటీ లాగ్ జోలికే పోవడం లేదు కదా, దాని పేరు ఎందుకు వస్తోంది? టీమ్‌లో ఒకరు రిజిస్ట్రీలో సెక్యూరిటీ కీకి రీడ్ పర్మిషన్ ఇవ్వమంటున్నారు, ఇంకొకరు యాప్ పూల్‌ని లోకల్ సిస్టమ్‌కి మార్చమంటున్నారు. ఏది సరైనది?

కొలిమి (జవాబు)

రెండూ వద్దు. మెసేజ్‌లో సెక్యూరిటీ అనే మాట చూసి అందరూ పర్మిషన్ల వెంట పడతారు. లోటు అది కాదు. కొత్త సర్వర్‌లో మీ సోర్స్ రిజిస్టర్ కాలేదు, అంతే.

లోపల జరిగేది చూడండి. రైట్‌ఎంట్రీ పిలవగానే డాట్‌నెట్ ముందు ఆ సోర్స్ ఏ లాగ్ కింద నమోదై ఉందో వెతుకుతుంది. వెతికే చోటు రిజిస్ట్రీలో లోకల్ మెషీన్ → సిస్టమ్ → కరెంట్‌కంట్రోల్‌సెట్ → సర్వీసెస్ → ఈవెంట్‌లాగ్. దాని కింద అప్లికేషన్, సిస్టమ్, సెక్యూరిటీ అని ఒక్కో లాగ్‌కి ఒక్కో సబ్‌కీ ఉంటుంది. ఒక్కోటీ తెరిచి, అందులో "బిల్లింగ్‌వెబ్" ఉందా అని చూస్తుంది. సెక్యూరిటీ, స్టేట్ సబ్‌కీలను మామూలు అకౌంట్లు తెరవలేవు. అలా తెరుచుకోనివాటి పేర్లను పక్కన రాసి పెట్టుకుని మిగతావి వెతుకుతూ పోతుంది. సోర్స్ ఎక్కడో ఒకచోట దొరికితే ఆ జాబితాని పట్టించుకోదు, పని సాఫీగా సాగిపోతుంది. ఎక్కడా దొరక్కపోతేనే ఆ పేర్లన్నీ మెసేజ్‌లో పెట్టి ఎక్సెప్షన్ విసురుతుంది. పాత సర్వర్‌లో కూడా మీ యాప్ పూల్‌కి సెక్యూరిటీ కీ మీద హక్కు లేదు. సోర్స్ మాత్రం ఉంది.

డెవలపర్ మెషీన్లలో పనిచేయడానికి కారణం కూడా ఇదే. విజువల్ స్టూడియోని ఎప్పుడో ఒకసారి అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి ఉంటారు. సోర్స్ లేకపోతే రైట్‌ఎంట్రీ తానే సృష్టించుకుంటుంది, అడ్మిన్ హక్కులుంటే ఎవరికీ తెలియకుండానే ఆ పని అయిపోతుంది.

చేయాల్సిన పని (కమాండ్లు ఉచ్చారణ ప్రకారం తెలుగులో రాస్తున్నా, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో చేయండి): సర్వర్‌లో విండోస్ పవర్‌షెల్ 5.1ని "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్"తో తెరిచి

న్యూ-ఈవెంట్‌లాగ్ -లాగ్‌నేమ్ అప్లికేషన్ -సోర్స్ బిల్లింగ్‌వెబ్

అని ఒక్కసారి నడపండి. పవర్‌షెల్ 7లో ఈ కమాండ్ లేదు. అక్కడ సిస్టమ్ డాట్ డయాగ్నోస్టిక్స్ డాట్ ఈవెంట్‌లాగ్ క్లాస్‌లోని క్రియేట్‌ఈవెంట్‌సోర్స్ మెథడ్‌ని నేరుగా పిలవండి, మొదట సోర్స్ పేరు, తర్వాత లాగ్ పేరు.

ఆ తర్వాత రిజిస్ట్రీలో ఈవెంట్‌లాగ్ → అప్లికేషన్ కింద బిల్లింగ్‌వెబ్ సబ్‌కీ వచ్చిందో లేదో, అందులో ఈవెంట్‌మెసేజ్‌ఫైల్ అనే విలువ ఉందో లేదో చూసుకోండి. అది డాట్‌నెట్ ఫోల్డర్‌లోని ఈవెంట్‌లాగ్‌మెసేజెస్ డీఎల్‌ఎల్‌ని చూపించాలి. సబ్‌కీని రెజ్‌ఎడిట్‌లో చేత్తో సృష్టించి ఈ విలువ పెట్టడం మరిచిపోతే ఎంట్రీలు పడతాయి గానీ, ప్రతి దాని పైనా "ఈ ఈవెంట్ ఐడీకి వివరణ దొరకలేదు" అని కనిపిస్తుంది.

కోడ్‌లో "సోర్స్‌ఎగ్జిస్ట్స్ కాకపోతే క్రియేట్‌ఈవెంట్‌సోర్స్" అనే రెండు లైన్లు ఉంటే తీసేయండి. జాగ్రత్త కోసం రాసినట్టు కనిపిస్తాయి, కానీ సోర్స్ లేనప్పుడు సోర్స్‌ఎగ్జిస్ట్స్ కూడా ఇదే ఎక్సెప్షన్ ఇస్తుంది. సోర్స్ నమోదు ఇన్‌స్టాలేషన్ పని. వెబ్ అప్లికేషన్ నడుస్తూ చేసే పని కాదు.

గవాక్షం (జవాబు)

కొలిమి గారి మాటకి తోడుగా, సెక్యూరిటీ కీకి రీడ్ ఇస్తే ఏమవుతుందో కూడా రాస్తాను. చాలా చోట్ల ఈ సలహా కనిపిస్తుంది, పాటించినవాళ్లు సగంలో చిక్కుకుంటారు.

మెసేజ్‌లో ఉన్న కీలన్నిటికీ రీడ్ ఇచ్చాక వెతకడం పూర్తవుతుంది, "సోర్స్ ఎక్కడా లేదు" అని తేలుతుంది. అప్పుడు డాట్‌నెట్ దాన్ని సృష్టించబోతుంది. అందుకు అప్లికేషన్ కీ కింద రాసే హక్కు కావాలి, యాప్ పూల్‌కి అది లేదు. దాంతో "కోరిన రిజిస్ట్రీ యాక్సెస్‌కి అనుమతి లేదు" అనే ఇంకో సెక్యూరిటీ ఎక్సెప్షన్ వస్తుంది. అక్కడ ఓపిక నశించి ఈవెంట్‌లాగ్ కీ మొత్తానికి ఫుల్ కంట్రోల్ ఇచ్చేస్తారు. ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న వెబ్ ప్రాసెస్‌కి ఆ హక్కు ఇస్తే, సైట్‌లోకి చొరబడినవాడు లాగ్ సెట్టింగులనే మార్చేయగలడు. తన జాడ ఎక్కడ పడుతుందో అక్కడే వాడికి తాళాలు ఇచ్చినట్టు. లోకల్ సిస్టమ్ అంతకన్నా ఘోరం, మెషీన్ మొత్తం అప్పజెప్పినట్టే.

సోర్స్ చేయడానికి ఈవెంట్‌క్రియేట్ కమాండ్ వాడొద్దని నా సలహా. పనిచేస్తుంది, కానీ సోర్స్‌కి మెసేజ్ ఫైల్‌గా ఈవెంట్‌క్రియేట్ ఈఎక్స్ఈనే రాసి పెడుతుంది. దాంట్లో 1 నుంచి 1000 వరకు ఐడీలకే వివరణలున్నాయి. మీ కోడ్ 2001 లాంటి ఐడీ వాడితే మళ్లీ "వివరణ దొరకలేదు" మొదలవుతుంది.

తెరచాప

చాలా థ్యాంక్స్ అండీ ఇద్దరికీ. న్యూ-ఈవెంట్‌లాగ్ నడిపాక ఆ ఎర్రర్ పోయింది. అయితే అదే సర్వర్‌లో ఇంకో సైట్ ఉంది, ఉద్యోగుల కోసం, విండోస్ ఆథెంటికేషన్‌తో. దానికీ సోర్స్ చేశాను, రిజిస్ట్రీలో కనిపిస్తోంది. అందులో ఇప్పుడు "ఈ సోర్స్‌కి లాగ్ తెరవలేకపోతున్నాం, రాసే హక్కు లేకపోవచ్చు" అని వస్తోంది. విచిత్రం ఏమిటంటే అడ్మిన్లు లాగిన్ అయితే ఎంట్రీ పడుతోంది, మిగతావాళ్లకి పడటం లేదు. దీని వెబ్ కాన్ఫిగ్‌లో ఐడెంటిటీ ఇంపర్సనేట్ "ట్రూ" అని ఉంది.

కొలిమి

ఇది వేరే జబ్బు. ఇక్కడ నిజంగానే పర్మిషన్ లోటు. కారణం మీరు చివర్లో రాసిన ఇంపర్సనేట్.

అడ్మిన్ ప్రాంప్ట్‌లో వెవ్ట్‌యుటిల్ జీఎల్ అప్లికేషన్ నడపండి. చానల్‌యాక్సెస్ అనే లైన్‌లో ఎవరికి ఏ హక్కుందో ఉంటుంది. 1 అంటే చదవడం, 2 రాయడం, 4 లాగ్ తుడిచేయడం, 3 అంటే చదవడం రాయడం రెండూ, 7 అంటే మూడూ. మామూలుగా అడ్మినిస్ట్రేటర్లకి 7 ఉంటుంది. ఇంటరాక్టివ్, సర్వీస్, బ్యాచ్ లాగాన్లకి 3. ఈవెంట్ లాగ్ రీడర్స్ గ్రూప్‌కి 1. ఆథెంటికేటెడ్ యూజర్స్ అనే పేరే అందులో ఉండదు.

అప్లికేషన్‌పూల్ ఐడెంటిటీతో నడిచే వర్కర్ ప్రాసెస్ (సైట్‌ని నడిపేది) టోకెన్‌లో, అంటే అది ఎవరో, ఏ గ్రూపుల్లో ఉందో చెప్పే గుర్తింపులో, సర్వీస్ గ్రూప్ ఉంటుంది. డొమైన్ అకౌంట్ పెట్టి నడిపితే బ్యాచ్ లాగాన్. రెండింటికీ రాసే హక్కు ముందే ఉంది, అందుకే మీ మొదటి సైట్‌కి పర్మిషన్ ఏదీ ఇవ్వాల్సిన పని రాలేదు. ఇంపర్సనేట్ పెడితే మాత్రం కోడ్ నడిచేది బ్రౌజర్ నుంచి వచ్చిన మనిషి టోకెన్‌తో. అది నెట్‌వర్క్ లాగాన్, పై మూడింట్లోనూ లేదు. అడ్మిన్ అయితే అడ్మినిస్ట్రేటర్స్ గ్రూప్ దారిలో లోపలికి వెళ్తాడు. మీరు చూస్తున్న తేడా అదే.

మొదటి దారి: ఆ సైట్‌కి ఇంపర్సనేషన్ నిజంగా కావాలా అని చూడండి. వచ్చిన మనిషి పేరు తెలుసుకోవడానికే అయితే యూజర్ ఐడెంటిటీ నేమ్ చాలు, ఇంపర్సనేట్ తీసేయొచ్చు. ఆ మనిషి హక్కులతోనే ఫైల్ షేర్లు, డేటాబేస్ తెరవాల్సి ఉంటే మాత్రం అలాగే ఉంచాలి.

ఉంచాల్సి వస్తే రెండో దారి: లాగ్ రాసే ఆ నాలుగు లైన్లకి మాత్రం యాప్ పూల్ ఐడెంటిటీకి తిరిగి రండి. విండోస్‌ఐడెంటిటీ డాట్ ఇంపర్సనేట్‌కి ఇంట్‌పీటీఆర్ జీరో ఇస్తే ప్రాసెస్ అసలు టోకెన్‌కి వెళ్తుంది. దాన్ని యూజింగ్ బ్లాక్‌లో పెట్టండి, బయటికి రాగానే మళ్లీ యూజర్ టోకెన్ వచ్చేస్తుంది. బ్లాక్ లోపల లాగ్ రాయడం తప్ప ఇంకేమీ పెట్టొద్దు.

మూడో దారి చానల్‌యాక్సెస్‌నే మార్చడం: వెవ్ట్‌యుటిల్ ఎస్ఎల్ అప్లికేషన్, స్లాష్ సీఏ, తర్వాత కొత్త స్ట్రింగ్. పాత స్ట్రింగ్‌ని ముందు ఫైల్‌లో దాచుకోండి. దాన్ని మొత్తంగా తీసుకుని చివర మీ గ్రూప్ ఎస్ఐడీ (విండోస్ ఇచ్చే గుర్తింపు సంఖ్య)తో 2 చేర్చాలి. ఉన్నదాన్ని వదిలేసి కొత్త భాగం ఒక్కటే ఇస్తే మిగతా సర్వీసులన్నీ అప్లికేషన్ లాగ్‌లో రాయలేకపోతాయి. రెండో దారి కుదిరినంతకాలం నేనైతే దీని జోలికి పోను.

దారంకండె (జవాబు)

ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ మీద ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. అక్కడ ఇదే లోటు అసలు ఎర్రర్‌గా కనిపించదు, అందుకే ఎక్కువ బాధ పెడుతుంది. విండోస్‌లో డీఫాల్ట్ హోస్ట్ ఈవెంట్ లాగ్ ప్రొవైడర్‌ని తానే చేర్చుకుంటుంది, వార్నింగ్ అంతకన్నా పై స్థాయివి మాత్రమే రాస్తుంది. సోర్స్ పేరు మార్చనంతవరకు డాట్‌నెట్ రన్‌టైమ్ అనే పేరుతో రాస్తుంది, అది ముందే ఉంటుంది కాబట్టి చిక్కు లేదు. మీరు సోర్స్‌నేమ్ మార్చి, దాన్ని సర్వర్‌లో నమోదు చేయలేదనుకోండి. మొదటిసారి రాయబోయినప్పుడు వచ్చిన సెక్యూరిటీ ఎక్సెప్షన్‌ని లాగర్ మింగేస్తుంది. అప్లికేషన్ అనే సోర్స్ పేరు మీద "డాట్‌నెట్ అప్లికేషన్ ఈవెంట్లను నమోదు చేయలేకపోతున్నాం" అని ఒకే ఒక ఎంట్రీ వేసి, ఆ తర్వాత రాయడమే మానేస్తుంది. సైట్ నడుస్తూనే ఉంటుంది, లాగ్ ఖాళీ.

కాబట్టి ఈవెంట్ వ్యూయర్‌లో ఆ ఒక్క ఎంట్రీ కోసం వెతకండి. సోర్స్ చేశాక యాప్ పూల్‌ని తప్పనిసరిగా రీసైకిల్ (ఆపి మళ్లీ మొదలుపెట్టడం) చేయండి. ఒకసారి ఆగిన లాగర్ ఆ ప్రాసెస్ ఉన్నంతవరకు మళ్లీ ప్రయత్నించదు. ఫ్రేమ్‌వర్క్ 4.8లో ఈ అవసరం లేదు, ప్రతిసారీ కొత్తగా వెతుకుతుంది.

లోడ్ బాలెన్సర్ వెనక రెండు మూడు సర్వర్లుంటే సోర్స్ ఒక్కోదాంట్లో విడివిడిగా చేయాలి. "ఒకసారి వస్తోంది, ఒకసారి రావడం లేదు" అన్నప్పుడు నేను మొదట చూసేది ఇదే. డిప్లాయ్‌మెంట్ స్క్రిప్ట్‌లో ఒక మెట్టుగా పెట్టేయండి: సోర్స్ ఉందా అని చూడాలి, లేకపోతే చేయాలి. ఆ స్క్రిప్ట్ అడ్మిన్ హక్కులతో నడుస్తుంది కాబట్టి సోర్స్‌ఎగ్జిస్ట్స్ అక్కడ నిజం చెబుతుంది.

గవాక్షం

ఇన్ని చేసినా రాకపోతే ఊహలు మానేసి ప్రాసెస్ మానిటర్ (ప్రతి ప్రాసెస్ ఏ ఫైల్, ఏ రిజిస్ట్రీ కీ తెరుస్తోందో చూపించే టూల్) నడపండి. మూడు ఫిల్టర్లు చాలు: ప్రాసెస్ పేరు డబ్ల్యూ3డబ్ల్యూపీ ఈఎక్స్ఈ (ఐఐఎస్ వర్కర్ ప్రాసెస్), రిజల్ట్ యాక్సెస్ డినైడ్, పాత్‌లో ఈవెంట్‌లాగ్. ఎర్రర్ వచ్చే పేజీని ఒకసారి తెరవండి. ఏ కీ దగ్గర ఆగిందో, ఇంపర్సనేషన్ ఉంటే ఎవరి పేరుతో అడిగిందో కూడా కనిపిస్తుంది. ఒక్క సెక్యూరిటీ కీ దగ్గర డినైడ్ కనిపించి కంగారు పడొద్దు, అది ఎప్పుడూ ఉండేదే. యాక్సెస్ డినైడ్ ఫిల్టర్ తీసేసి, అప్లికేషన్ కింద మీ సోర్స్ పేరు దగ్గర "నేమ్ నాట్ ఫౌండ్" ఉందేమో చూడండి. చాలాసార్లు పేరులో ఒక స్పేస్ ఎక్కువో తక్కువో ఉంటుంది.

తెరచాప

ఉద్యోగుల సైట్‌లో ఇంపర్సనేట్ ఫైల్ షేర్ కోసం కావాలి, కాబట్టి రెండో దారి పట్టాం. ఇప్పుడు మామూలు యూజర్లకీ ఎంట్రీలు పడుతున్నాయి. ఒక చిన్న సందేహం. మా ఎంట్రీలు అప్లికేషన్ లాగ్‌లో మిగతావాటితో కలిసిపోతున్నాయి. "బిల్లింగ్" అని సొంత లాగ్ పెట్టి, ఇదే సోర్స్‌ని అందులోకి మార్చొచ్చా?

కొలిమి

మార్చొచ్చు. కానీ ఒక సోర్స్ ఒక మెషీన్‌లో ఒక్క లాగ్‌కే చెందుతుంది. ముందు రిమూవ్-ఈవెంట్‌లాగ్ -సోర్స్ బిల్లింగ్‌వెబ్ అని తీసేసి, కొత్త లాగ్ పేరుతో మళ్లీ చేయాలి, ఆ తర్వాత సర్వర్ రీస్టార్ట్ చేయాలి. రీస్టార్ట్ చేయకపోతే ఎంట్రీలు పాత లాగ్‌లోకే పోతుంటాయి. ఆ కమాండ్‌లో -సోర్స్ బదులు పొరపాటున -లాగ్‌నేమ్ ఇస్తే లాగ్ మొత్తం పోతుంది, ఎంటర్ కొట్టే ముందు రెండుసార్లు చదవండి. రీస్టార్ట్‌కి ఒప్పుకోని సర్వర్ అయితే సోర్స్‌కి వేరే కొత్త పేరు పెట్టడం తేలిక. కోడ్‌లో లాగ్ పేరు కూడా ఇస్తుంటే దాన్నీ మార్చండి. సోర్స్ ఒక లాగ్‌లో ఉండి కోడ్ ఇంకోటి చెబితే ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్ వస్తుంది.

లాగ్ రాసే మెథడ్‌ని ట్రై-క్యాచ్‌లో పెట్టి, అది విఫలమైతే ఫైల్‌లో రాసేలా చేయండి. మీ మొదటి పోస్ట్‌లో అసలు ఎక్సెప్షన్ మాయమైందన్నారు కదా, అది మళ్లీ జరగకుండా ఉంటుంది. ఫైల్ పెట్టే ఫోల్డర్‌కి "ఐఐఎస్ యాప్‌పూల్ బ్యాక్‌స్లాష్ పూల్ పేరు" అనే అకౌంట్‌కి మాడిఫై హక్కు ఇవ్వండి. ఉద్యోగుల సైట్‌లో ఈ ఫైల్ రాయడం కూడా ఆ యూజింగ్ బ్లాక్ లోపలే ఉండాలి, లేకపోతే హక్కు అడిగేది యాప్ పూల్ కాదు, యూజర్. పెద్ద స్టాక్ ట్రేస్‌ని 30,000 అక్షరాల దగ్గర కత్తిరించి రాయండి. ఒక ఎంట్రీలో స్ట్రింగ్ 31,839 అక్షరాలు దాటితే రాయడం విఫలమవుతుంది.