ఐపీ పెడితే బ్యాంకు ఖాతా ఆగిపోతుందా?

పర్లా_కొట్టు: కొట్టు ఒడిశా వైపు పర్లాకిమిడిలో, ఇల్లు ఆంధ్ర వైపు పాతపట్నంలో. అప్పులు తీరే దారి లేక ఐపీ (దివాలా పిటిషన్) పెట్టాలనుకుంటున్నాను. ఏ వైపు కోర్టులో వెయ్యాలండి? వేసిన రోజే ఖాతా ఆపేస్తారా? అది ఇంటావిడతో జాయింటు, ఆవిడ కుట్టుపని డబ్బులూ అందులోనే పడతాయి.

కోర్టుమెట్లు: ఇల్లున్న చోటైనా, వ్యాపారమున్న చోటైనా వెయ్యొచ్చు. బ్యాంకు బ్రాంచి ఎక్కడుందన్నది లెక్కలోకి రాదు. రెండు వైపులా ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. ఐబీసీలో (కొత్త దివాలా చట్టం) వ్యక్తుల భాగం 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీ అప్పుకు హామీ ఉన్నవాళ్లకే అమలైంది, మీ కొట్టు అప్పుకు కాదు.

పిటిషన్ వేసినంత మాత్రాన ఖాతా ఆగదు. కోర్టు మధ్యంతర రిసీవర్‌ని (మీ ఆస్తిని తాత్కాలికంగా చూసుకునే అధికారిని) వేసినా, మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటించినా ఆగుతుంది. చిక్కేమిటంటే, ఆ ప్రకటన పిటిషన్ వేసిన తేదీ నుంచే అమల్లో ఉన్నట్టు లెక్క (సెక్షన్ 28). మధ్యలో తీసిన ప్రతి రూపాయికీ లెక్క అడుగుతారు. బియ్యం, మందులు, స్కూలు ఫీజుల రసీదులు దాచుకోండి.

పద్దుపుస్తకం: కోర్టు కంటే ముందు దెబ్బ తగిలేది అప్పిచ్చిన బ్యాంకులోనే సేవింగ్స్ ఖాతా ఉంటే. గడువు దాటిన బాకీకి ఆ నిల్వను జమ కట్టుకునే హక్కు వాళ్లకుంది. 'హోల్డ్' పడితే బ్రాంచిలో ఒక్కటే అడగండి: ఇది బ్యాంకు సెటాఫా (బాకీకి జమ కట్టుకోవడం), కోర్టు జప్తా, రిసీవరు లేఖా? జవాబు కాగితం మీద తీసుకోండి. మూడింటికీ వేరే వేరే చోట్ల తిరగాలి.

జాయింటు ఖాతాలో మీ వాటాయే దివాలాలోకి వస్తుంది. కానీ బ్యాంకు ముందు మొత్తం ఆపి, తర్వాతే వాటాలు అడుగుతుంది. ఆవిడ డబ్బులు ఇకనుంచి ఆవిడ ఒక్కరి పేరునున్న ఖాతాలో పడేలా చూడండి. పాత నిల్వ మాత్రం కదపకండి.

పర్లా_కొట్టు: కదిపి బామ్మర్ది ఖాతాలో వేస్తే?

కోర్టుమెట్లు: వద్దు. పిటిషన్‌కి ముందు రెండేళ్లలో ప్రతిఫలం లేకుండా ఇచ్చినదాన్ని కోర్టు రద్దు చేయగలదు (సెక్షన్ 53). మూడు నెలల్లోపు అప్పిచ్చినవాళ్లలో ఒకరికే ఎక్కువ మేలు చేయాలని కట్టినా తిరగదోడతారు (54). దురుద్దేశంతో దాస్తే జైలు కూడా.

ముందే ఇచ్చిన చెక్కులుంటే వాటి సంగతి ఇప్పుడే చూసుకోండి. ఖాతా ఆగాక అవి తిరిగొస్తే 138 కేసు (చెక్ బౌన్స్ కేసు) పడొచ్చు, దివాలా దాన్ని ఆపదు.

గునుపూర్_లెక్కలు: పీఎఫ్, పింఛను జప్తుకి రావు. పింఛను, గ్రాట్యుటీ సొమ్ము ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారినా రక్షణ పోదని 2008లో సుప్రీంకోర్టు అంది.

ఇంకోటి. డిశ్చార్జి (దివాలా నుంచి కోర్టు విడుదల చేయడం) అయ్యేదాకా దివాలా సంగతి చెప్పకుండా 50 రూపాయలు అప్పు తీసుకున్నా నేరమే (72). అవును, యాభయ్యే! 1920 నాటి అంకె, ఎవరూ మార్చలేదు. కాబట్టి క్రెడిట్ కార్డు, ఓవర్‌డ్రాఫ్ట్ జోలికి పోకండి. డిశ్చార్జికి ఎప్పటిలోగా అర్జీ పెట్టాలో ఉత్తర్వులోనే రాస్తారు. ఆ తేదీ దాటితే దివాలా ఉత్తర్వే రద్దవుతుంది, అప్పులవాళ్లు మళ్లీ మీ మీద పడతారు.