మడోకా మ్యాజికా: సిరీసా, సినిమాలా?

ప్రశ్న: మారతహళ్ళిలో మన తెలుగు అనిమే బ్యాచ్‌కి శనివారం మడోకా (మంత్రశక్తులొచ్చే అమ్మాయిల జపనీస్ యానిమేషన్ సిరీస్) వేస్తున్నాం. 12 ఎపిసోడ్లా, 2012 సినిమాలా? పదమూడేళ్ళ పిల్లలూ వస్తారు.

జవాబు: సిరీసే వేయండి, అయిదు గంటల్లోపే అయిపోతుంది. ఆ రెండు సినిమాలూ అదే కథ. వాటితో కలిసొచ్చే టైమ్ గంట కూడా కాదు. 2013 నాటి రెబెలియన్ సినిమా మాత్రం కొత్త కథ, అది ఆఖర్న వేయండి. రెండో ఎపిసోడ్ తర్వాత బ్రేక్ ఇవ్వకండి, చిన్నపిల్లల షో అని సగంమంది జారుకుంటారు. మూడోది చూశాక ఎవరూ కదలరు.

జవాబు: గది బాగా చీకటి చేయండి. ఇందులో ఆ అమ్మాయిలు పోరాడే మంత్రగత్తెల లోకమంతా కత్తిరించి అతికించిన కాగితం బొమ్మల్లా ఉంటుంది, వెలుతురుంటే ప్రొజెక్టర్‌లో వెలిసిపోతుంది. ఆ లోకంలో గోడల మీద పిచ్చిగీతల్లా కనిపించేది లిపి. విప్పితే చాలాచోట్ల జర్మన్!

జవాబు: పిల్లలొద్దు బాస్. రక్తం తక్కువే, కానీ చావు, నిరాశ మామూలుగా ఉండవు. పదిహేను దాటాక చూపించండి.