శాక్సోఫోన్ స్మూత్ జాజ్‌లో కొత్తవి ఏం వినొచ్చు? లైవ్ రికార్డింగ్స్ అయితే ఇంకా హ్యాపీ

అందరికీ నమస్తే, నాకో చిన్న హెల్ప్ కావాలండి. నేను శాక్సోఫోన్ పిచ్చిలో పడింది గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ వల్ల, 1980లో వచ్చిన 'వైన్‌లైట్' ఆల్బమ్ ఎన్నిసార్లు విన్నానో లెక్కే లేదు, తర్వాత కెన్నీ జీ, డేవ్ కోజ్, అలా అలా వెళ్ళిపోయా. ఇప్పుడు ప్రాబ్లమ్ ఏంటంటే నా ప్లేలిస్ట్ అంతా పాతదే, కొత్తవాటిలో బోనీ జేమ్స్ 2024లో తెచ్చిన 'స్లో బర్న్' ఒక్కటే గట్టిగా విన్నా, మిగతావి యాప్ ఏది చూపిస్తే అది పెట్టుకుంటే సగం లిఫ్ట్‌లో వచ్చే మ్యూజిక్‌లాగే ఉంటున్నాయి, డ్రమ్స్ కూడా మెషీన్‌వే!

శాక్సోఫోన్ రకాల్లో నాకు సోప్రానో కన్నా టెనర్, ఆల్టో ఎక్కువ ఇష్టం. ఆ కొంచెం గరుకు, ఊపిరి తీసుకునే చప్పుడు కూడా వినిపించాలి. డేవిడ్ శాన్‌బోర్న్ 1984 లైవ్ ఆల్బమ్ 'స్ట్రెయిట్ టు ద హార్ట్' ఉంది చూడండి, అలాంటిది అన్నమాట, బేస్ గిటార్ మీద మార్కస్ మిల్లర్ ఉంటాడు, అసలు ఆ గ్రూవే వేరు (శాన్‌బోర్న్ 2024లో పోయారు, ఆ రోజంతా అదే విన్నా).

సో గత మూడు నాలుగేళ్ళలో వచ్చినవాటిలో నిజం బ్యాండ్‌తో వాయించిన ఆల్బమ్స్ ఏమైనా ఉన్నాయా? ఫుల్ కాన్సర్ట్ రికార్డింగ్స్ అయితే మరీ మంచిది, ఫోన్‌తో తీసినవి మాత్రం వద్దు ప్లీజ్, ఆడియో పగిలిపోతుంది. మిండీ అబేర్, కాండీ డల్ఫర్ లైవ్‌లో బాగుంటారని విన్నా, వాళ్ళవి ఎక్కడ మొదలెట్టాలో కూడా చెప్పండి.