ఫొటో చూసి వేసిన కూచిపూడి బొమ్మలో కదలిక రావట్లేదు, ఎక్కడ సరిదిద్దాలి?

గీతలబడి:
గిర్రున తిరుగుతున్న కూచిపూడి అమ్మాయి బొమ్మ, ఏ3 కాగితం మీద నీటిరంగులు. కొలతలు కుదిరాయి, పోలిక వచ్చింది. కానీ మనిషి బిగుసుకుపోయినట్టుంది. ఫొటో సెకనులో వెయ్యోవంతు షట్టర్‌తో తీసింది. చుట్టూ గుండ్రంగా గీతలు పెడితే కార్టూన్‌లా తయారైంది.

బొగ్గుముక్క:
వెయ్యోవంతులో జడ కొస నుంచి గజ్జెల దాకా అన్నీ ఒకే పదునుతో ఆగిపోతాయండీ. మన కంటికి అలా కనబడదు. ముందు బొగ్గుతో, ఒక్కోటి 30 సెకన్లలో, ఓ పది బొమ్మలు లాగండి. మొదటి గీత తల నుంచి బరువు మోసే పాదం దాకా ఒకే ఊపులో రావాలి. మణికట్టు తిప్పకండి, భుజం నుంచి లాగండి. ఆ గీత నిటారుగా ఉంటే పైన ఎన్ని నగలు పెట్టినా లాభం లేదు.

తర్వాత భుజాల గీత, తుంటి గీత చూడండి. ఒంటికాలి మీద ఉన్నప్పుడు బరువు మోసేవైపు తుంటి లేస్తుంది, మామూలుగా అదేవైపు భుజం దిగుతుంది. రెండూ సమాంతరంగా గీస్తే కొయ్యబొమ్మే. మెడగుంట నుంచి నిలువుగా గీత దించి, అది పాదం అంచుకి కాస్త బయట పడేలా చూడండి. మరీ దూరం జరిపితే పడిపోతున్నట్టుంటుంది.

తడికుంచె:
నేనైతే జడ దగ్గర మొదలుపెడతాను. తిరగడం మొదలైనప్పుడు జడ, కుచ్చుల అంచు ఒంటికంటే వెనకబడతాయి. ఠక్కున ఆగితే ఒళ్లు ఆగినా జడ అదే దిక్కున పోయి ముందుకు చుట్టుకుంటుంది.

అంచుల్లో ముఖం, నేల మీది పాదం పదునుగా ఉంచి, జడ కొస, కుచ్చుల చివర కరగనివ్వండి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే మందపాటి) కాగితమైతే మేలు. అక్కడ తడిపి, మెరుపు తగ్గుతున్నప్పుడు రంగు పెట్టండి. నీళ్లు నిలిచి ఉండగా పెడితే రంగు ఎటుపడితే అటు పారుతుంది. కుంచెలో నీరు కాగితం తడికంటే ఎక్కువైతే పువ్వుల్లా మరకలు పడతాయి. కుంచెని తిరిగే దిక్కులోనే లాగండి, అడ్డంగా లాగితే కదిలిన ఫొటోలా ఉంటుంది.

పాతపటం:
ఇంకొకటి. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో వేసిన ఎప్సమ్ గుర్రప్పందెం బొమ్మలో గుర్రాలు నాలుగు కాళ్లూ ముందుకీ వెనక్కీ చాచి గాల్లో తేలుతుంటాయి. దౌడులో కాళ్లన్నీ నేల వదిలేది పొట్ట కిందకి ముడుచుకున్నప్పుడని ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ 1878లో తీసిన ఫొటోలతో తేలింది. అయినా నా కంటికి జెరికో గుర్రాలే పరుగెత్తుతాయి. బొమ్మంతా ఒకే క్షణం కావాలన్న పట్టు వదిలేయండి. వీడియో ఉంటే ముఖం ఒక ఫ్రేము నుంచి, కుచ్చులు రెండు ఫ్రేముల తర్వాత నుంచి తీసుకోండి.

గీతలబడి:
దొరికింది! ఫొటోలో జడ భుజం మీదుగా ఎగిరి ఉంది. అందంగా ఉంటుందని నేనే వీపు మీద తిన్నగా దించేశాను. ఆరిన నలుపు లేస్తుందా?

తడికుంచె:
పూర్తిగా లేవదు. తడి కుంచెతో మెల్లగా రుద్దుతూ టిష్యూతో అద్దండి, కాగితం నూగు లేచేలోపే ఆపేయండి. మిగిలిన మరక మీదకి వెనక రంగుని ముదురుగా తెస్తే కలిసిపోతుంది.