సాయంత్రం పఠన కేంద్రంలో పిల్లల చేతికి పాత గ్రంథాలా, బొమ్మల పుస్తకాలా?

కందుకూరు పాఠకురాలు:
బడి వదిలాక పిల్లల చేత పుస్తకాలు చదివించడానికి మా వీధి హాలులో ఒక కేంద్రం మొదలుపెడుతున్నాం. నాలుగో తరగతి నుంచి తొమ్మిదో తరగతి వరకు పిల్లలు వస్తారు. ఏ పుస్తకాలతో మొదలుపెట్టాలన్న దగ్గర మాలోనే రెండు పక్షాలయ్యాయి. చిన్నయసూరి నీతిచంద్రిక, తిక్కన విరాటపర్వం, చందమామ పాత సంచికలతోనే మొదలుపెట్టాలని నేనంటున్నాను. పెద్ద అక్షరాలు, రంగు బొమ్మలు ఉన్న చిన్న పుస్తకాలు తప్ప మరేవీ వద్దని మిగతావారంటున్నారు.

బొమ్మల పుస్తకం పది నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత ఏమైందో తెలుసుకోవాలని మర్నాడు పరుగెత్తుకొచ్చేంత కథ అందులో ఉండదు. ఇక పాఠ్యపుస్తకంలోనేమో మహాకావ్యం నుంచి నాలుగైదు పద్యాలు తెంపి ఇస్తారు, ప్రతిపదార్థం రాయిస్తారు, మార్కులు వేస్తారు. ఆ పద్యానికి ముందేం జరిగిందో, తర్వాతేం జరిగిందో పిల్లలకు తెలియకుండానే పదో తరగతి దాటిపోతుంది. ఆ కథ మొత్తం వాళ్లకు దక్కాలన్నదే నా పట్టుదల. మీరేమంటారు?

సింగరాయకొండ నాన్న:
మీ ఉద్దేశం మంచిదే అమ్మా. కానీ మా అమ్మాయి సంగతి చెబుతాను. ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. తెలుగు పేరా ఇస్తే ఒత్తుల దగ్గర ఆగిపోతుంది, గుణింతం కూడబలుక్కుంటుంది. ఆ పిల్ల చేతిలో చిన్నయసూరి గ్రాంథికం పెడితే కథ దాకా చేరేదెప్పుడు? 1853లో వచ్చిన పుస్తకం అది. ఆనాటి వాక్యం చదవడానికి నాకే కష్టం.

పైగా పిల్లలు రోజంతా బడిలో కూర్చుని, సాయంత్రం ట్యూషన్‌కూ వెళ్లి అలసిపోయి ఉంటారు. మీ దగ్గర కూడా మరో బరువైన పుస్తకం తెరిపిస్తే అది మూడో బడి అవుతుంది. చేతికందిన పుస్తకం పిల్లలనే ఎంచుకోనివ్వండి. బొమ్మల కథో, జోకుల పుస్తకమో, ఏదైనా సరే. చదవడం ఇష్టమయ్యాక తిక్కన ఎక్కడికీ పోడు.

నెల్లూరు విశ్రాంత ఉపాధ్యాయుడు:
బాబూ, తిక్కన ఎక్కడికీ పోడు, నిజమే. పిల్లలే పోతారు. తొమ్మిదో తరగతి దాటితే చదువుల పోటీలో పడి ఏ కథకూ చిక్కరు. అందుకే ఈ వయసు ముఖ్యం.

మీరిద్దరూ చదవడమంటే పిల్ల ఒంటరిగా పుస్తకం పట్టుకుని కూర్చోవడమే అనుకుంటున్నారు. నేను ముందు వినిపిస్తాను. నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలేసిన భారతాన్ని, రాజు మనుమసిద్ధి కాలంలో మన నెల్లూరులోనే ఉన్న తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా 15 పర్వాలు రాశాడు. అరణ్యపర్వంలో మిగిలిన భాగం అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలోని ఎర్రన పూర్తి చేశాడు. ఇదంతా మనకు గర్వకారణమే కానీ, మన ఊరి కవి అని చెప్పినంత మాత్రాన ఏ పిల్లా పుస్తకం తెరవదు. విరాటరాజు కొడుకు ఉత్తరుడి కథ చెబితే తెరుస్తుంది.

అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కూర్చుని, సారథి ఒక్కడు దొరికితే కౌరవులను నేనొక్కడినే తరిమేస్తానని ఉత్తరుడు గొప్పలు పోతాడు. తీరా సేనను చూడగానే రథం దూకి పరుగందుకుంటాడు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు జడ ఊగుతుండగా వెంటపడి పట్టుకుంటాడు. అటుపక్క సైనికులు నవ్వుతారు. పిల్లలూ నవ్వుతారు. తర్వాత జమ్మిచెట్టు దగ్గరికి వస్తారు. చెట్టెక్కి శవంలా వేలాడుతున్న మూట దించమంటాడు అర్జునుడు. ముట్టుకోవడానికి ఉత్తరుడు జంకుతాడు. నేనక్కడ పుస్తకం మూసేస్తాను. మూటలో ఏముందో కావలసినవాళ్లకు సులభ వచనంలో ఉన్న ప్రతి బల్ల మీద ఉంటుంది. కూడబలుక్కుంటూనైనా చదువుతారు, ఎందుకంటే ఇప్పుడు వాళ్లకు అవసరం పడింది. మూలంలోని పద్యం ఒకటో రెండో చివర్లో రాగంతో వినిపిస్తే చాలు.

ఒంగోలు డిగ్రీ విద్యార్థిని:
మాస్టారూ, ఉత్తరుడి కథ నాకూ ఇష్టమే. అయితే అదే విరాటపర్వంలో కీచకుడూ ఉన్నాడు. ద్రౌపదిని వేధిస్తుంటే కొలువులో పెద్దలందరూ చూస్తూ ఊరుకున్నారు. ఆ భాగం వదిలేస్తారా, చెబుతారా? వదిలేస్తే ఎవరు నిర్ణయిస్తారు? సుమతీ శతకంలో ఆడవాళ్లనూ కొన్ని కులాలనూ చిన్నబుచ్చే పద్యాలున్నాయి. పాతదన్న గౌరవంతో వాటిని కూడా పిల్లల చేత పలికిస్తే, పుస్తకం మీద ఇష్టంతో పాటు అవీ వంటబడతాయి. వరుసలో ఆ కులాల పిల్లలే కూర్చుని ఉంటారని మరవకండి.

పాత గ్రంథమంటే పురాణమొక్కటే అనుకోవడం కూడా నాకు నచ్చలేదు. గురజాడ దిద్దుబాటు కథ 1910లో వచ్చింది. దారి తప్పుతున్న భర్తను చదువుకున్న భార్య ఒక్క ఉత్తరంతో దారికి తెస్తుంది. తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ఈ కథ చేరాలి. పాతకాలపు కవయిత్రి మొల్ల ఉంది. తనకు వ్యాకరణాలేవీ తెలియవని చెప్పుకుంటూనే రామాయణం రాసింది. తేనె తగలగానే నోరు తీపెక్కినట్టు, వినగానే అర్థం తోచాలి కావ్యం, గూఢమైన మాటలు వాడితే అది మూగ చెవిటి ముచ్చట అవుతుందని పీఠికలోనే చెప్పింది. కఠినమైన పుస్తకాలతో పిల్లలను భయపెట్టకూడదన్న సింగరాయకొండ నాన్నగారి మాటకు ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది?

కందుకూరు పాఠకురాలు:
చెల్లీ, మొల్ల మాట గుర్తుచేసినందుకు సంతోషం. అయినా నా వాదన మారలేదు. ఆమె చెప్పింది రచన తేలికగా ఉండాలని, కథ చిన్నదిగా ఉండాలని కాదు. రామాయణమంతా చెప్పింది కదా.

కీచకుడి సంగతి. నాలుగు, అయిదు తరగతులకు చెప్పను. ఎనిమిది, తొమ్మిది వాళ్లకు దాచను. నిండు కొలువులో ద్రౌపది అడిగిన ప్రశ్నకు పెద్దలెవరూ జవాబివ్వలేదు. మా పిల్లలు ఏం జవాబిస్తారో వినాలని ఉంది. శతక పద్యాల్లో కించపరిచేవి పలికించే ప్రసక్తే లేదు. ఆ ఎంపిక కేంద్రం నడిపే మేమే చేసి, జాబితా తల్లిదండ్రులకు ముందే చూపిస్తాం.

కొండపి ట్యూషన్ టీచర్:
ఇక్కడెవరూ హాజరు గురించి మాట్లాడలేదు. మా వైపు పొగాకు బ్యారన్లు, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్లు, వెలిగే రోజుల్లో సగం మంది పిల్లలు సాయంత్రం రారు. ఆకు కట్టడానికి ఇంట్లో మనిషి కావాలి, లేదంటే తమ్ముడిని చూసుకోవాలి. రోజూ కొంచెం కొంచెం సాగే పెద్ద కథ పెడితే నాలుగు రోజులు రానివాడికి అయిదో రోజు ఏమీ అర్థం కాదు. వెనకబడ్డానని సిగ్గుపడి పూర్తిగా మానేస్తాడు. ఆ వెనకబడేవాళ్లు ఎప్పుడూ కూలీల పిల్లలే.

నా సలహా నీతిచంద్రికలోని మిత్రలాభం. పావురాలను వలతో సహా ఎగరమన్న చిత్రగ్రీవుడు, వల కొరికిన ఎలుక హిరణ్యకుడు, తాబేలు, లేడి, కాకి. ఒక కథలో మరో కథ పుడుతుంది, కానీ దేనికదే పూర్తవుతుంది. ఏ రోజు వచ్చినవాడికి ఆ రోజు కథ దక్కుతుంది. మీ పట్టుదలా నిలుస్తుంది, మా పిల్లలూ నిలుస్తారు. చదివేది మాత్రం నేటి భాషలో తిరగరాసిన ప్రతి కావాలి.

వేటపాలెం గ్రంథాలయ అభిమాని:
పుస్తకాలు కొనే ముందు మీ ఊరి శాఖా గ్రంథాలయంలో అడగండి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను మనమే కడుతున్నాం. మా సారస్వత నికేతనం 1918లో మొదలైంది, 1929లో గాంధీగారు భవనానికి శంకుస్థాపన చేశారు. ఊరివాళ్లు తలుచుకుంటే నిలబడిన సంస్థ అది. మీ దగ్గర కూడా ఒక పని తప్పకుండా చేయండి. బీరువాకు తాళం వేయకండి. పుస్తకం ఇంటికి తీసుకెళ్లనివ్వండి. చిరిగితే అతికించుకోవచ్చు.

సింగరాయకొండ నాన్న:
మాస్టారు చెప్పినట్టు ముందు వినిపించడమైతే నాకు అభ్యంతరం లేదు. కొండపి టీచరుగారి మాట ఇంకా నచ్చింది. అయితే రెండు షరతులు. వినడం అరగంట దాటకూడదు, ఆ తర్వాత పిల్ల తనకిష్టమైన పుస్తకం తీసుకోవాలి, అది బొమ్మల పుస్తకమైనా ఎవరూ ముఖం చిట్లించకూడదు. రెండోది, పద్యాలు అప్పజెప్పించడం, పరీక్షలు, బహుమతులు ఉండకూడదు. అవి మొదలైన రోజు మా అమ్మాయిని మాన్పిస్తాను.

నెల్లూరు విశ్రాంత ఉపాధ్యాయుడు:
పరీక్ష వద్దు, ఒప్పుకున్నాను. పద్యం మాత్రం వదులుకోను. కంఠస్థం చేసిన పద్యం తర్వాత ఎప్పుడో అర్థమైనా నష్టం లేదు. నోటికి వచ్చిన నడకే భాషను నిలబెడుతుంది. ఇష్టపడి నేర్చుకునే పిల్లవాడిని ఆపకండి.

సింగరాయకొండ నాన్న:
ఇష్టపడితే ఎవరాపుతారు మాస్టారూ? ఒకడు గడగడా చెబుతుంటే పక్కవాడు తల దించుకుంటాడు, నా భయం అదే. అందరి ముందు చెప్పించకండి.

కందుకూరు పాఠకురాలు:
సోమవారం మిత్రలాభంతో మొదలుపెడుతున్నాం. నేటి భాషలో ఉన్న ప్రతే చదువుతాం. విరాటపర్వం శనివారాల్లో ఏడు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకే చెబుతాం. అరగంట తర్వాత పిల్లల ఇష్టం. బొమ్మల పుస్తకాలు కూడా అదే బల్ల మీద ఉంటాయి, నేను వద్దన్నవే అయినా. పద్యాల విషయం మాలో మాకింకా తేలలేదు. ఒంగోలు చెల్లీ, శనివారాల్లో బస్సెక్కి రాగలవా? దిద్దుబాటు నువ్వే చదివి వినిపించాలి.

ఒంగోలు డిగ్రీ విద్యార్థిని:
వస్తాను అక్కా. తొమ్మిదో తరగతి వాళ్లను మాత్రం విడిగా కూర్చోబెట్టండి. మగపిల్లలు కూడా ఉండాలి.