పాప పాస్‌పోర్టుకి కౌంటర్ సైన్ ఎవరితో చేయించాలి?

రెడింగ్ నుంచి:
అందరికీ నమస్కారం. మా పాప మార్చిలో ఇక్కడే పుట్టింది. మావారికి పెళ్లికి ముందే ఐఎల్ఆర్ (ఈ దేశంలో శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంది కాబట్టి పాప పుట్టుకతోనే బ్రిటిష్ అన్నారు. నేను విజయవాడ నుంచి వచ్చి ఏడాది దాటిందంతే. దసరాకి పాపని అమ్మవాళ్లకి చూపించాలని ఆశ. పాస్‌పోర్టు అప్లికేషన్ ఆన్‌లైన్‌లో నేనే నింపుతున్నాను. మధ్యలో కౌంటర్ సైన్‌కి, అంటే ఫోటోలో ఉన్నది పాపే అని ధ్రువీకరించడానికి, మనల్ని రెండేళ్లుగా ఎరిగినవాళ్ల వివరాలు ఇమ్మంది. ఇక్కడ నాకు తెలిసింది పక్కింటావిడ, గుడిలో కలిసే ఇద్దరు ముగ్గురు. వాళ్లవీ ఇండియన్ పాస్‌పోర్టులే. మా జీపీని, అంటే మా ఫ్యామిలీ డాక్టరుని, అడగొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

స్లౌ నుంచి:
కంగారు పడకమ్మా. ఈ దేశంలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను, ఇలాంటివి చాలా చూశాను. రూలు రాసుకో. ఇద్దరు కావాలి. ఇద్దరూ నిన్ను మూడేళ్లుగా ఎరిగుండాలి, ఒకరు ప్రొఫెషనల్ అయ్యుండాలి. జీపీ అస్సలు చెల్లదు. బర్త్ సర్టిఫికెట్ పెద్దది తీసుకో, తల్లిదండ్రుల పేర్లుండేది. చిన్నది పంపితే తిప్పికొడతారు.

మిల్టన్ కీన్స్ నుంచి:
అన్నగారూ, సర్టిఫికెట్ మాట నిజమే. కానీ ఆ ఇద్దరూ మూడేళ్లూ సిటిజన్‌షిప్ అప్లికేషన్‌లో మన గురించి హామీ ఇచ్చే రిఫరీల సంగతి. పాస్‌పోర్టుకి ఒక్కరు చాలు, రెండేళ్ల పరిచయం చాలు. వాళ్లకి బ్రిటిష్ పాస్‌పోర్టు గానీ ఐరిష్ పాస్‌పోర్టు గానీ ఉండాలి. చుట్టాలు కాకూడదు, మనతో ఒకే ఇంట్లో ఉండకూడదు. జీపీ కూడా అస్సలు కుదరదని కాదు. మనకి మంచి స్నేహితులై, ఫోటో చూసి ఇట్టే గుర్తుపట్టగలిగితే చేయొచ్చు. పది నిమిషాల అపాయింట్‌మెంట్లలో చూసిన డాక్టరుగారు స్నేహితులు కారు కదా.

స్లౌ నుంచి:
మా పెద్దాడికి ఇద్దరితోనే చేయించాం. నాకు బాగా గుర్తుంది.

మిల్టన్ కీన్స్ నుంచి:
అది వాడి సిటిజన్‌షిప్ రిజిస్ట్రేషన్ అయ్యుంటుంది అన్నగారూ. వాడు పుట్టినప్పటికి మీకింకా ఐఎల్ఆర్ రాలేదని మీరే చెప్పారొకసారి.

క్రాయిడన్ నుంచి:
ఎవరినైనా అడగండి గానీ ఇంటి ఓనరుని మాత్రం అడక్కండి. మావాడప్పుడు చంటిపిల్లాడు. మా ఓనరు రిటైరైన టీచరు. రిటైరైనవాళ్లు కూడా చేయొచ్చు, ఆ మాట ప్రభుత్వం సైటులోనే ఉంది. పండగలకి పులిహోర పంపేవాళ్లం, ఎప్పుడొచ్చినా పిల్లాణ్ణి ఎత్తుకునేవాడు. అడగ్గానే సరేనన్నాడు. అప్పట్లో మేం పేపర్ ఫామ్ నింపాం. దాన్ని తీసుకుని ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టి, వచ్చేవారం రమ్మన్నాడు. ఆ చలికాలం మా బాయిలర్ పనిచేయక కౌన్సిల్‌కి ఫిర్యాదు పెట్టి ఉన్నాం. వారం తర్వాత వెళ్తే టీ ఇచ్చి, మెల్లగా ఆ ఫిర్యాదు సంగతి ఎత్తాడు. అది వెనక్కి తీసుకుంటే తనకీ మనశ్శాంతిగా ఉంటుందట. ఫామ్ అయస్కాంతం కింద నుంచి కదల్లేదు. మా ఆవిడ అక్కడే తెలుగులో ఓ మాట అంది, ఇక్కడ రాయలేను.

ఎలాగో సంతకం పెట్టించుకున్నాం. ఫోటో వెనక "ఐ సర్టిఫై దట్ దిస్ ఈజ్ ఎ ట్రూ లైక్‌నెస్ ఆఫ్" అని మొదలుపెట్టి పిల్లాడి పూర్తి పేరు రాయాలి కదా. బాల్‌పెన్నుతో ఎంత కక్షగా నొక్కి రాశాడంటే, ముందువైపు మావాడి నుదుటి మీద ఆ గీతలన్నీ ఉబ్బి కనిపించాయి. ఫోటో పాడైందని తిరిగొచ్చింది. చివరికి మా ఆవిడతో పాటు మందుల షాపులో పనిచేసే కెమిస్టు చేసిపెట్టింది. పుణ్యాత్మురాలు, మెత్తటి పెన్ను ఆవిడే తెచ్చుకుంది.

హౌన్స్‌లో నుంచి:
మాకైతే ఆఫీసులో మావారి టీమ్ లీడ్‌ని అడిగితే పోలా? సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంది, ఇంకేం కావాలి?

స్లౌ నుంచి:
సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇంజనీర్ల కిందికి రారమ్మా. కౌంటర్ సైన్ చేయదగ్గ వృత్తుల జాబితా ప్రభుత్వం సైటులో ఉంది, అందులో ప్రొఫెషనల్ క్వాలిఫికేషన్ ఉన్న ఇంజనీర్ అని ఉంది.

హౌన్స్‌లో నుంచి:
మా మరిదిగారికి చేసింది సాఫ్ట్‌వేర్ ఆయనే, పాస్‌పోర్టు వచ్చేసింది. అయినా ఆ జాబితా ఉదాహరణలకి ఇచ్చిందే. అందులో పైలట్ దగ్గర్నుంచి శవపేటికలు సర్దే అండర్‌టేకర్ దాకా ఉన్నారు, మన కోడింగ్ వాళ్లకే వచ్చిందా లోటు?

బర్మింగ్‌హామ్ నుంచి:
పూజారులు కూడా చేయొచ్చు, మతాచార్యులు ఆ జాబితాలో ఉన్నారు. కానీ టివిడేల్ బాలాజీ గుడికి ఏడాదికోసారి వెళ్లి అర్చన చేయించుకుంటే అది పరిచయం కాదు. ఆయన్ని ఇబ్బంది పెట్టకండి. శనివారాలు అసలే ఊపిరాడదు.

లీడ్స్ నుంచి:
ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ, ఆ అమ్మాయి అడిగినదాంట్లోనే జవాబుంది. చిన్నపిల్లల పాస్‌పోర్టుకి ఆ రెండేళ్ల లెక్క పిల్లకి కాదు, అప్లికేషన్ మీద సంతకం చేసే పెద్దవాళ్లకి. అమ్మా, నువ్వు నింపితే నిన్ను రెండేళ్లుగా ఎరిగినవాళ్లు కావాలి, వాళ్లు నీకు లేరు. మీ ఆయన పేరు మీద పెట్టండి. ఆయన తండ్రి, ఆయనకీ అంతే హక్కు. ఐఎల్ఆర్ ఉన్నాయనంటే ఇక్కడ ఎన్నాళ్ల నుంచో ఉండుంటారు, ఆఫీసులోనో పాత ఊళ్లోనో బ్రిటిష్ పాస్‌పోర్టున్న స్నేహితుడు ఒక్కడైనా ఉంటాడు. అతను మీ ఊళ్లోనే ఉండక్కర్లేదు. ఆన్‌లైన్ అయితే అతనికి ఈమెయిల్ వెళ్తుంది. అందులోంచి పాప ఫోటో చూసి అక్కడే ధ్రువీకరిస్తాడు, ఫోటో వెనక రాతలేం ఉండవు. స్పామ్ ఫోల్డర్ కూడా చూసుకోమని ముందే ఫోన్ చేసి చెప్పండి. పాపని ఒక్కసారైనా చూపించడం మంచిది. ఆ వయసు పిల్లలు ఫోటోల్లో అందరూ ఒకేలా ఉంటారు.

ఇంకోటి. మీ ముగ్గురి పేర్లూ, ఇంటిపేర్లూ అన్ని కాగితాల్లోనూ ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. మన ఇండియన్ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ముందు, ఒకరికి వెనక, ఒకరికి అసలుండదు. నేను చూసిన ఆలస్యాల్లో సగం దానివల్లే.

రెడింగ్ నుంచి:
అక్కా, మీకు పాదాభివందనం! మావారు స్విండన్‌లో పనిచేసేటప్పటి ఫ్రెండ్ ఒకాయన ఉన్నారు, అక్కడ స్కూల్లో టీచరు, ఆరేళ్ల స్నేహం. పాప బారసాలకి కూడా వచ్చారు. నేను నింపింది వదిలేసి, మావారి పేరుతో కొత్తగా మొదలుపెట్టాం. ఇక ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న మన సంతతివాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) దసరాలోపు వస్తుందా?

స్లౌ నుంచి:
పుట్టిన ఏడాదిలోపు ఇండియన్ కాన్సులేట్‌లో నమోదు చేయించి ఇండియన్ పాస్‌పోర్టు కూడా తీసిపెట్టుకో. రెండూ ఉంటే మంచిది.

మిల్టన్ కీన్స్ నుంచి:
అన్నగారూ! మనవాళ్లకి రెండు పౌరసత్వాలు కుదరవు. దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి. రెడింగ్ అమ్మాయీ, దసరాకే వెళ్లాలంటే పాపకి ఈ-వీసా తీసుకో, ఓసీఐ సంగతి తిరిగొచ్చాక చూసుకోవచ్చు. దాని గురించి వేరే మెయిల్ పెట్టు, ఇందులో అడిగితే మళ్లీ బాయిలర్ దగ్గరికే వెళ్తాం.